వరసల బావగారు

వరసకు ఆయన నాకు బావ. ఎలా బావో తేల్చాలంటే మూడు పెళ్లిళ్ల మీదుగా వెళ్లాలి, ఆ దారి మా అమ్మకొక్కదానికే తెలుసు. ఉద్యోగం మాత్రం ఇద్దరిదీ ఒకే గదిలో, కంప్యూటర్లో పటాలు తయారుచేసే ఆఫీసులో. పటమంటే రంగుల బొమ్మ అని లోకం అనుకుంటుంది. బావగారి లెక్కలో బొమ్మ వట్టి పందిరి. పెళ్లి జరిగేది దాని వెనకున్న పట్టికలో. ఊరికో వరస, చెరువుకో వరస, బస్టాపుకో వరస. పైథాన్‌లో పట్టికను ఒక్కో వరసగా చదివే సెర్చ్ కర్సర్ తెరిచి, ఆ వరసలన్నీ స్క్రీన్ మీద ప్రింటు చేయించుకుని పారాయణం చేస్తారు. నాలుగు వేలున్నా సరే. పక్కన టీ మీగడ కట్టేస్తుంది.

"మొదటి పదీ చూస్తే చాలదా బావా?" అన్నానొకసారి.

"అన్నం ఉడికిందా అంటే ఒక్క మెతుకు చాలునోయ్. రాయి ఉందా అంటే?"

కర్సర్ ముందుకే నడుస్తుంది. చివరి వరస దాటాక మళ్లీ చదవాలంటే రీసెట్ చేసుకోవాల్సిందే. బావగారికీ రివర్స్ గేరు లేదు. మధ్యలో అడ్డొచ్చామా, 2012లో కొత్త కర్సర్లు రాకముందు పాతవి ఎంత నెమ్మదిగా పాకేవో అన్న దగ్గర్నుంచి కథ మళ్లీ మొదలు.

మా తమ్ముడి కొడుకు బారసాల. బియ్యంలో 'వెంకట సత్య సుబ్రహ్మణ్యం' అని రాయిస్తున్నారు. వెనకనుంచి బావగారు, "ఇంగ్లీషులో పదక్షరాలు దాటింది!" అన్నారు. మేం పటాలు దాచే షేప్‌ఫైల్ పట్టికలో కాలమ్ పేరుకు పదక్షరాలే చోటు, మిగతా తోక తెగిపోతుంది. పిల్లాడు కాలమ్ కాడు కదా! పాపం పంతులుగారు మాత్రం అదేదో కొత్త దోషమనుకుని కాసేపు చెయ్యి ఆపేశారు.

నాకు ఆయనతో ఒక పాత బాకీ ఉంది. ఓసారి పట్టిక మీద కర్సర్ తెరిచి, దాన్నలాగే వదిలేసి, తునిలో పెళ్లికి వెళ్లిపోయారు. కర్సర్ బతికున్నంతసేపూ పట్టికకు తాళమే. నేనందులో ఒక కాలమ్ చేర్చి సాయంత్రానికి అప్పగించాలి. ఫోను చేశాను.

"'విత్' అని రాసి తెరిస్తే పనయ్యాక తాళం దానంతటదే వదులుతుందోయ్."

"మరి మీరు రాయలేదేం?"

"బంతిలో ఉన్నాను. గుత్తి వంకాయ వస్తోంది."

అయినా పూర్తిగా కోప్పడలేను. సర్వే నంబరు 12/3ని ఎక్సెల్ చడీచప్పుడు లేకుండా తేదీగా మార్చేస్తే, "ఈ పొలం పుట్టినరోజు ఎవరు చేస్తున్నార్రా?" అని పట్టుకున్నది ఆయనే. ఇక నా సంగతి. హైదరాబాదు అక్షాంశం 17.4 దగ్గర, రేఖాంశం 78.5 దగ్గర. నేను రెండు కాలమ్‌లూ తారుమారు చేశాను. నగరంలోని బస్టాపులన్నీ వెళ్లి నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ దీవుల మంచులో దిగాయి. హైదరాబాదు దగ్గర పటం ఖాళీగా కనబడితే, ఇంకా లోడవుతోంది కాబోలనుకుని నేను భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి బావగారు నా కుర్చీలో కూర్చుని వరసలు చదువుతున్నారు.

"మెహదీపట్నంలో ధ్రువపు ఎలుగుబంట్లకు పాస్ ఉందటోయ్?"

పై అధికారికి ఒక్క ముక్క చెప్పలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. చుట్టాల పెళ్లిళ్లలో మాత్రం బంతిబంతికీ చెబుతున్నారు.

మొన్న మా అమ్మాయి పెళ్లికి పిలుపుల జాబితా పట్టుకు కూర్చున్నాను. ఆరువందల పేర్లు. "పైపైన చూస్తే చాలదూ?" అంది మా ఆవిడ. అన్నం, రాయి సంగతి చెప్పి చదువుతూ పోయాను. నాలుగొందలు దాటాక బావగారి పేరు రెండోసారి వచ్చింది. కొట్టేద్దామని కలం తీసేసరికి ఆవిడ ఫోను తెచ్చిచ్చింది, వంటవాడు. మాట్లాడి పెట్టేశాక చూస్తే ఎక్కడ ఆపానో గుర్తులేదు.

మళ్లీ మొదటి పేరు నుంచి ఎత్తుకున్నాను.