ముడతలకు మూడు ధరలు

షష్టిపూర్తి అంటే అరవై నిండాయని ఊరందరినీ పిలిచి భోజనం పెట్టి మరీ ఒప్పుకోవడం. ఆ ఒప్పుకునే ఫోటోల్లో మాత్రం నేను నలభై ఐదేళ్ళవాడిలా కనపడాలని మా మరదలి పట్టుదల. "బావా, ముడతలకి రెటినాల్ క్రీము పూసుకో. ఇంకా ఆరు నెలలుంది, చాలు" అంది. మొహం నాది, గడువు ఆమెది.

చెన్నై పక్కన మా మింజూరు బజారులో మందుల షాపుకెళ్ళి అడిగితే, లోపల్నుంచి "డాక్టర్ చీట్టు ఇరుక్కా సార్?" అని ప్రశ్న వచ్చింది. చీటీ ఉంటే దొరికేది ట్రెటినాయిన్. రెండు మూడొందలు పెడితే చిన్న ట్యూబు. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే చర్మ వైద్యుడు మొదట దీన్ని మొటిమల మీద వాడాడు. ఎండకు ముడతపడిన చర్మాన్నీ ఇది బాగుచేస్తుందని 1986లో రాశాడు. చీటీ లేనివాళ్ళకు రెటినాల్. ఇదీ ఆ వంశపుదే, కాని చర్మంలోకి దిగాక రెండు మెట్లెక్కి రెటినోయిక్ ఆమ్లంగా మారితేగాని పని మొదలెట్టదు. ట్రెటినాయిన్ అంటేనే ఆ ఆమ్లం. అంటే అన్నిట్లోకీ చవకదే అన్నిట్లోకీ ఘాటు. మంటా దానికే ఎక్కువ, అందుకే చీటీ.

నడిమి ధర ఆరేడొందలు. జైపూరు వాళ్ళ మినిమలిస్ట్ లాంటివి ఈ వరసలోవి. ఎంత శాతమో సీసా మీదే అచ్చేస్తారు, అది నాకు నచ్చింది. (2025లో ఆ కంపెనీలో 90.5 శాతం వాటా హిందుస్థాన్ యూనిలీవర్ కొనేసింది. ముడతల్లో అంత డబ్బుందని నా నుదుటికి ముందే తెలిస్తే బాగుండేది.) ఆ పైన వేలల్లో పలికేవి. వాటిలో కొన్ని వెడల్పు మూతి గాజు డబ్బాల్లో, పెళ్ళికూతురి నగలపెట్టెలా మెరుస్తుంటాయి. వెలుతురు, గాలి తగిలితే రెటినాల్ చెడిపోతుంది మరి! శాతం చెప్పకుండా మూత తీసి చూపించే డబ్బాకి నేను పైసా ఇవ్వను. వెలుగు చొరబడని, సన్నమూతి ట్యూబు చాలు.

ఇందులో నన్ను ఉడికించింది మా మనవడు. అంగన్‌వాడీలో వాడికి విటమిన్ ఎ సిరప్ ఆరు నెలలకోసారి చెంచాతో పోస్తారు. పిల్లల చూపు పోకుండా అలా పోయొచ్చని వెనక ప్రయోగాలు చేసి చూపింది మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ. 1970లో అది జాతీయ పథకమైంది. రెటినాల్ కూడా విటమిన్ ఎ యే. వాడికి కళ్ళ కోసం ఉచితం, నాకు కళ్ళ కింద గీతల కోసం ఆరొందలు.

మా ఇంట్లో దానికి కాపలా కూడా పెట్టాల్సొచ్చింది. గర్భిణులు ఈ జాతి క్రీముల జోలికి పోకూడదు. కోడలికి నెలలు నిండుతున్నాయి గనక ట్యూబు మీద 'మామయ్యది, ముట్టొద్దు' అని రాశాం.

రాత్రిపూట, మొదట్లో వారానికి రెండుసార్లు, మొహమంతటికీ శనగగింజంత. పగలు సన్‌స్క్రీన్ తప్పదు, దాని ఖర్చు వేరే. ఎండ సంగతి అంటే నాది ప్రత్యేకమైన కేసు. మింజూరు నుంచి చెన్నైకి దక్షిణంగా పోయే లోకల్లో పొద్దుటెండ ఎడమ చెంపకి. సాయంత్రం ఉత్తరంగా తిరిగొచ్చేటప్పుడు పడమటెండా ఎడమ చెంపకే. 28 ఏళ్ళు సరుకుల బండి తోలిన ఒకాయన ఫోటో 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేశారు. కిటికీ వైపు ఎడమ చెంప తండ్రిది, కుడి చెంప కొడుకుది అన్నట్టుంది. నాదీ ఆ దారే.

ఇదంతా విన్న మా ఆవిడ ట్యూబు చేతిలోకి తీసుకుని ధర చూసింది. "ఏమండీ, ఎడమపక్కకే రాస్తే రెండింతల రోజులొస్తుంది కదా?"

"అక్కా!" అంది మరదలు.

"ఫోటోల్లో కుడిపక్క నేనే కూర్చుంటాలే."