దొంగ సిగ్నల్

సాగర్ ఎడమ కాలువ కింద యాసంగి నీళ్లు వారబందీ పద్ధతిలో వదిలితే, వంతు రాత్రిపూట పడ్డ రైతుకు ఇక నిద్ర లేనట్టే. గరిడేపల్లి దగ్గర వరి వేసే ఒకాయన కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. తండ్రికి ఆ జాగారం తప్పించాలని సొంతంగా ఒక పరికరం చేశాడు. పిల్లకాలువలో బెండు, దానికి అయస్కాంతం, పక్కన రీడ్ స్విచ్. అక్కణ్నుంచి మోటారు షెడ్డు దాకా తీగ. షెడ్డులో ఆర్డినో, గడియారం చిప్, సిమ్ మాడ్యూల్. బెండు దిగిందంటే నీళ్లు ఆగినట్టు. తండ్రి ఫోన్ మోగుతుంది.

మొదటి రోజే ఫోన్ ఊరికూరికే మోగింది. కాలువ నిండా నీళ్లుండగానే "నీళ్లు ఆగాయి" అని. గమనిస్తే, స్టార్టర్ పట్టినప్పుడల్లా మోగుతోంది. మోటారు కేబుల్‌ను ఆనుకుని వెళ్లిన సెన్సార్ తీగ ఆ కుదుపును పట్టుకుంటోంది. ఆర్డినో లోపలి పుల్‌అప్ రెసిస్టర్ 20 నుంచి 50 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. అంత పొడుగు తీగను అది నిలబెట్టలేదు. బయట 4.7 కిలో ఓమ్‌లది వేశాడు. పిన్నుకూ గ్రౌండుకూ మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాడు. షీల్డు తీగ తెచ్చి, కేబుల్‌కు ఎడంగా లాగాడు. బెండు ఐదు సెకన్లు వరసగా దిగి ఉంటేనే నమ్మేలా కోడ్ మార్చాడు. పగటి మోత ఆగిపోయింది. ఒక్కొక్కటే మార్చి చూసే ఓపికున్న పిల్లలంటే నాకు గౌరవం.

మిగిలింది రాత్రి. వంతు పడ్డ రాత్రల్లా ఒంటిగంటకు "ఆగాయి", నాలుగింటికి "వచ్చాయి". తెల్లారి వెళ్లి చూస్తే కాలువ నిండుగానే ఉండేది. మోటారు కుదుపు వేళ చూసుకుని రాదు. ఇది వేళ తప్పడం లేదు. పైగా ఆ వేళ మోటారు ఆపే ఉంటుంది. రీడ్ స్విచ్ కొత్తది వేశాడు, అతుకులకు మళ్లీ టంకం పెట్టాడు. సెన్సార్ తీగ ఊడదీసి పిన్నుకు రెసిస్టర్ ఒక్కటే ఉంచిన రాత్రి ఆర్డినో కిక్కురుమనలేదు. తేడా కాలువ దగ్గరే ఉంది.

పై పొలం చిన్నాయన రోజూ వచ్చి, టంకం వేస్తుంటే టార్చి పట్టేవాడు.

"గాలికి బెండు ఊగుతుంటది రా. దొంగ సిగ్నల్ అది. మీ నాయన నిద్ర లేక సగమైండు. ఆ మూడు గంటలు దాన్ని పండబెట్టరాదు?"

కుర్రాడికి మనసొప్పలేదు. తండ్రి కూడా అదే మాట అనేసరికి, ఒంటిగంట నుంచి నాలుగు దాకా ఏ సిగ్నల్ వచ్చినా వదిలేయమని కోడ్‌లో ఒక్క వరస చేర్చాడు. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోయారు.

తర్వాతి వంతు కూడా అయ్యాక చిన్నాయన ఇంటికొచ్చి, కుర్రాడి చేతిలో డబ్బులు పెట్టాడు.

"నాక్కూడా ఒకటి చేసిపెట్టు బిడ్డా. ఆ పండబెట్టుడు మాత్రం నా దాంట్ల వద్దు. ఒంటిగంట నుంచి నాలుగు దాకానే మంచిగ మోగాలె."