ఎంపికరావు గారి వైండింగ్ యంత్రం

ప్రతి ఊళ్ళోనూ ఒక ఎంపికరావు ఉంటాడు. మిక్సీ కొందామని షాపులన్నీ చుట్టి, ధరలన్నీ రాసుకుని, చివరికి ఇంట్లో రోటి పచ్చడే తింటాడు. పెళ్ళిచూపులకు ఇలాంటివాణ్ణి వెంటబెట్టుకెళ్తే పెళ్ళికొడుకు ఆంజనేయస్వామి పార్టీలో కలిసిపోవలసిందే. సబ్బవరంలో ఉన్న ఎంపికరావు వీళ్ళందరికన్నా ఒక మెట్టు పైన. ఆయన ఎంచుతున్నది కాయిల్ వైండింగ్ యంత్రం. అదీ బోరు మోటారుకు కాదు, సీలింగు ఫ్యానుకు కాదు. గిటారు పికప్పులకు.

పికప్పంటే ఎలక్ట్రిక్ గిటారులో తీగల కింద చిన్న డబ్బీలా కనిపిస్తుందే, అది. లోపల ఆరు అయస్కాంతపు పుల్లలు, వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి రాగితీగ సుమారు 8 వేల చుట్లు. పైన ఉక్కుతీగ మీటగానే ఆ కాయిల్లో రవ్వంత కరెంటు పుడుతుంది, దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేస్తుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ అంత చిన్న వాయిద్యం మీద కర్ణాటక సంగీతాన్ని ఒప్పించింది ఎలక్ట్రిక్ మాండొలిన్ తోనే. "చూశారా, మనవాడికీ కాయిలే ఆధారం" అని ఎంపికరావు టీ కొట్టు దగ్గర అంటూ ఉంటాడు, తనే చుట్టిచ్చినంత గర్వంగా.

ఈయన స్టీల్ ప్లాంటులో, వైర్ రాడ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ తయారయ్యే కడ్డీల్లో సన్నదే అయిదున్నర మిల్లీమీటర్లు, ఒక్కో చుట్ట టన్నుకు పైమాటే. జీవితమంతా టన్నుల కాయిళ్ళు చూసినవాడికి తులాల కాయిలు మీదికి మనసు పోయింది. కొడుకు పాత గిటారులో ఒక పికప్పు మూగబోవడం వంక. కొత్తది కొంటే అయిపోయేది. కానీ కొంటే ఎంచడం ఎలా?

యంత్రానికి ఆయన పెట్టిన షరతులు వింటే పెళ్ళిళ్ళ పేరయ్య కూడా సంచీ సర్దుకుంటాడు. చుట్లు లెక్కపెట్టాలి. లెక్క పూర్తవగానే దానంతట అదే ఆగాలి. మొదట మెల్లగా కదిలి తర్వాత వేగం అందుకోవాలి, లేకపోతే తీగ తెగుతుంది. బాబిన్ కోలగా ఉంటుంది కాబట్టి ఒక్కో చుట్టుకు రెండేసిసార్లు తీగ గుంజుకుంటుంది, ఆ గుంజుడును సర్దే ఏర్పాటుండాలి. తీగను అటూ ఇటూ నడిపే చెయ్యి యంత్రానికే ఉండాలి. ఇన్నీ ఉన్న యంత్రం దొరికితే, "ఇంత ఆటోమేటిక్ అయితే స్వరంలో ప్రాణం ఉండదు" అంటాడు. చేతితో నడిపేది దొరికితే, "ఇందులో ప్రాణం తప్ప ఏమీ లేదు" అంటాడు.

కుట్టుమిషను మోటారు పెట్టుకుని సొంతంగా చేసుకోవచ్చని ఎవరో చెప్పిన రోజు నుంచి వాళ్ళావిడ తన మిషనున్న గదికి తాళం వేస్తోంది.

ఆయనకు మరో ఆయుధం చరిత్ర. అమెరికాలో ఫెండర్ కంపెనీలో 1956లో చేరిన అబిగేల్ ఇబారా అనే ఆవిడ తీగను వేళ్ళతో నడిపిస్తూ చుట్టిన పికప్పుల కోసం గిటారువాళ్ళు ఇప్పటికీ వెతుకుతారు. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో రెండు కాయిళ్ళను ఎదురెదురుగా కలిపి గుయ్యిమనే కరెంటు రొద పోగొట్టాడు. ఆ తొలినాటి పికప్పుల్లో రెండు కాయిళ్ళ చుట్లు ఒకదానికొకటి సరిపోవు. ఆ లెక్క తప్పుకే ఇవాళ వేల డాలర్లు పోస్తున్నారు. సేమూర్ డంకన్ అనే ఆయన కుర్రతనంలో గ్రామఫోను రికార్డు తిరిగే పళ్ళెం మీదే చుట్టుకున్నాడంటారు. నిమిషానికి 33 చుట్లు తిరిగే పళ్ళెం మీద 8 వేలంటే నాలుగు గంటలు. ఈ లెక్క ఎంపికరావే వేశాడు. వేసి, "మనవల్ల కాదు, మోటారే కావాలి" అన్నాడు. ఆ పూట అప్పటికి నాలుగు గంటలుగా యంత్రాల గురించే మాట్లాడుతున్నాడని ఎవరూ గుర్తుచెయ్యలేదు.

జంక్షన్ దగ్గర మోటార్ వైండింగ్ షాపు మేస్త్రికి ఎండాకాలం వస్తే ఊపిరాడదు. చుట్టుపక్కల ఊళ్ళలో కాలిపోయిన బోరు మోటార్లన్నీ అక్కడికే చేరతాయి. ఎంపికరావు సరిగ్గా అప్పుడే వెళ్ళి బల్ల మీద కూర్చుంటాడు. ఒకరోజు 42 గేజి తీగ తెచ్చి గర్వంగా చూపించాడు. మేస్త్రి వేళ్ళ మధ్య రాసి చూసి నవ్వాడు.

"ఇది మన గేజి బావుగోరూ. మీరు సెప్పింది అమెరికా గేజి కదేటి. మనకాడ 46 అడగాల."

నిజమే. అమెరికా లెక్కలో 42 అంటే మిల్లీమీటరులో ఆరు శాతం మందం. మన బజార్లో నడిచే బ్రిటిష్ లెక్కలో 42 అంటే పది శాతం. ఆ తీగతో 8 వేల చుట్లు వేస్తే బాబిన్ పొట్ట పగిలి బయటికొస్తుంది. ఇన్నాళ్ళూ యంత్రాన్ని శల్యపరీక్ష చేసిన మనిషి తీగ సంగతే చూసుకోలేదు. ఇలాంటివాళ్ళకు పెద్దది ఎంచే ధ్యాసలో చిన్నది ఆనదు.

46 తెచ్చాక కొత్త ప్రశ్న. "మేస్త్రీ, రెండో కాయిలు ఎదురు దిక్కుకు చుట్టాలి. నీ మిషను వెనక్కి తిరుగుద్దా?"

"బాబిన్ తిరగేసి బిగిస్తే సరిపోద్ది బావుగోరూ."

ఎంపికరావు చాలాసేపు మాట్లాడలేదు. అంత తేలిక జవాబు ఆయనకు నచ్చదు.

ఈలోగా చర్చిలో గిటారు వాయించే కుర్రాడొకడు చచ్చిపోయిన పికప్పు పట్టుకొచ్చాడు. మేస్త్రి ఫ్యాను కాయిళ్ళు చుట్టే చేతిమిషనుకే చెక్కముక్క బిగించి, దాని మీద బాబిన్ అంటించాడు. తీగ రీలును తిరగనివ్వకుండా కింద నిలబెట్టాడు, తీగ పైఅంచు మీంచి తేలిగ్గా జారి వచ్చేలా. ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య ఉన్నిగుడ్డ, అందులోంచి తీగ. కుడిచేత్తో పిడి. చుట్ల మీటరులో అంకెలు టకటకా మారుతున్నాయి. వెలుతురు పడితే తప్ప తీగ కంటికి ఆనదు, మేస్త్రి చూపంతా వేళ్ళలోనే ఉంది. ఒకసారి తెగింది. పైపూత గీకి, టంకం పెట్టి, మళ్ళీ అందుకున్నాడు. ఒక్క సాయంత్రంలో కిలోమీటరు పైచిలుకు తీగ అగ్గిపెట్టెంత చోటులోకి ఎక్కిపోయింది. మల్టీమీటరు 6 కిలో ఓముల దగ్గర ఆగింది. చుట్టకు వార్నిష్ కొడతానని మేస్త్రి, కరిగిన మైనంలో ముంచాలని ఎంపికరావు. అక్కడ మాత్రం ఎంపికరావుదే ఒప్పు. మైనం పడితే చుట్లు కదలవు, గిటారు కీచుమనదు, మళ్ళీ విప్పాల్సొస్తే దారీ ఉంటుంది.

కుర్రాడు ఆదివారం వాయించాడు. బాగానే పలికింది. ఎంపికరావు వెనక వరసలో నిలబడి విని, "మంచి యంత్రమైతే ఇంకా బాగుండును" అన్నాడు.

నన్నడిగితే మొదటి పికప్పుకు చేతిమిషను, చుట్ల మీటరు, ఉన్నిగుడ్డ చాలు. పదో ఇరవయ్యో చుట్టాక తన చెయ్యి ఎక్కడ తడబడుతోందో తనకే తెలుస్తుంది, అప్పుడు ఆ లోటు తీర్చే యంత్రం కొనుక్కోవచ్చు. ఈ మాట ఎంపికరావుతో అన్నాను కూడా. ఆయన శ్రద్ధగా విని, జేబులోంచి చీటీ తీసి షరతుల్లో ఇంకోటి కలుపుకున్నాడు.

మీ ఇంట్లో పాత వైండింగ్ మిషను అమ్మకానికి ఉంటే దయచేసి ఆయనకు చూపించకండి. కొనడు సరికదా, దాన్లో ఇన్ని సుగుణాలున్నాయని చెప్పి మిమ్మల్ని కూడా అమ్మనివ్వడు.