ఏడు పాయల పాట: ఒక చిప్ ఆత్మకథ

నేను ఎంఎస్‌జీఈక్యూ7 అనే చిప్‌ని. ఎనిమిది కాళ్లు, వేలిగోరంత ఒళ్లు. కారులో పాటకు తగ్గట్టు వెలిగే ఎల్‌ఈడీలు అమర్చుకునేవాళ్లు నన్ను ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డు పక్కన సోల్డర్ చేస్తారు. వచ్చిన పాటను ఏడు పాయలుగా విడదీసి, ఏ పాయలో ఎంత బలముందో చెప్పడమే నా పని. 63, 160, 400, 1000, 2500, 6250, 16000 హెర్ట్జ్ దగ్గర నా ఫిల్టర్లుంటాయి. ప్రతి మెట్టూ కిందిదానికి సుమారు రెండున్నర రెట్లు. మంద్ర షడ్జం నుంచి మధ్య షడ్జానికి కంపనాలు రెట్టింపవుతాయి కదా, చెవి శ్రుతిని పోల్చుకునేది అలా రెట్లలోనే. అందుకే నా మెట్లూ రెట్లలోనే ఉంటాయి. ఇక నా మాట ఒక్కటే: పాట ఎంత గట్టిగా ఉందో కాదు, పాటలో ఏం జరుగుతోందో దీపం చూపాలి.

ఇప్పటి సినిమా పాటల్లో చాలావాటిని మిక్సింగ్‌లో కంప్రెస్ చేసి, మొదటినుంచీ చివరిదాకా దాదాపు ఒకే స్థాయిలో నిలబెడతారు. మొత్తం వాల్యూమ్‌కు కట్టిన దీపం ఇక ఆరేది ఎప్పుడు? పల్లవికీ చరణానికీ తేడా దానికి తెలియదు. అదే పాట నాలోంచి వెళ్తే తీరు మారుతుంది. రీసెట్ కాలు మీదికి పల్స్ రాగానే లెక్క మొదటికొస్తుంది. స్ట్రోబ్ కాలు కిందికి దిగిన ప్రతిసారీ ఒక్కో పాయ బలం వోల్టేజీగా ఔట్‌పుట్ మీద నిలుస్తుంది. అది కుదురుకోవడానికి 36 మైక్రోసెకన్లు ఆగి ఆర్డుయినో చదువుకుంటుంది. తబలాలో డగ్గా దెబ్బ మొదటి రెండు అంకెల్లో, గాయని గొంతు ఎక్కువగా 400 నుంచి 2500 దాకా, తాళాల గలగల చివరి రెంటిలో తేలుతుంది. ఆమె ఊపిరి తీసుకునే చోట నడిమి దీపాలు తగ్గుతాయి, డగ్గా దీపం ఆడుతూనే ఉంటుంది.

వైర్ల గొడవ ఎందుకు, చిన్న మైక్ పెడితే చాలదా అంటారు. ఇంట్లో చాలుతుందేమో గానీ కారులో చాలదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 4000 సార్లు మండుతుంది, అంటే సెకనుకు సుమారు 67 సార్లు. అది దాదాపు నా మొదటి పాయ చోటే. మైక్‌కు ఇంజనూ డగ్గా ఒకటే. కాబట్టి స్టీరియో వెనకున్న ఆర్‌సీఏ సాకెట్ నుంచి సిగ్నల్ తీసుకోవాలి. ఆర్‌సీఏ లేకపోతే స్పీకర్ వైర్లకు, సిగ్నల్‌ను తగ్గించే హై టు లో కన్వర్టర్ పెట్టాలి. ఆ వైర్లను నాకు నేరుగా కలపకూడదు: చాలా కారు స్టీరియోల్లో అవి రెంటిలోనూ వోల్టేజీ ఉంటుంది, వాటిలో ఏదీ గ్రౌండ్ కాదు. ధ్వనిని లెక్కకట్టి పాయలుగా విడదీసే ఎఫ్‌ఎఫ్‌టీ చేయగల ప్రాసెసర్లు ఉండగా నువ్వెందుకన్న ప్రశ్న కూడా న్యాయమైనదే. నా చోటు వాటికి ఇవ్వచ్చు, కానీ నా పద్ధతిని వదలకూడదు. 44100 శాంపిళ్ల వేగంతో 1024 పాయింట్ల ఎఫ్‌ఎఫ్‌టీ ఇచ్చే 512 గడుల్లో సగం 11 వేల హెర్ట్జ్ పైనే ఉంటాయి. పాటకు ప్రాణమైన కింది స్థాయులకు మిగిలేవి కొద్దే. ఆ గడులను మళ్లీ రెట్ల లెక్కన కట్టలు కట్టక తప్పదు.

ఈ దీపాలు డ్రైవర్ చూపు చెదరగొడతాయన్నది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. దీపాల చోటు డిక్కీలో, సబ్‌వూఫర్ పెట్టె చుట్టూ మాత్రమే. వాటి ప్రతిబింబం కూడా ముందద్దంలో పడకూడదు. మిణుకు సెకనుకు మూడుసార్లు మించితే మూర్ఛ రోగం ఉన్న కొందరికి ప్రమాదం కావచ్చు. 1939లో రూపుదిద్దుకున్న, ధ్వని స్థాయిని చూపే వీయూ మీటర్ ముల్లు పూర్తిగా లేవడానికి 300 మిల్లీసెకన్లు తీసుకునేలా చేశారు, ప్రతి అలవెంటా పరుగెడితే కన్ను చదవలేదు గనుక. దీపమూ దెబ్బకు లేచి, మెల్లగా దిగాలి. ఆర్‌సీఏ నుంచి తీసుకున్న సిగ్నల్ ఆంప్లిఫయర్‌కు ముందే నాకు చేరుతుంది కాబట్టి ఇదంతా కుదిరిందో లేదో తేల్చుకోవడం సులువు. కారు ఆపి, ఆంప్లిఫయర్ ఆపేసి, దీపాలను మాత్రమే చూడండి. గొంతు ఎక్కడ ఆగిందో, దరువు ఎక్కడ మారిందో చెప్పగలిగితే పని సక్రమంగా జరిగినట్టు. చెప్పలేకపోతే ఇంకొన్ని ఎల్‌ఈడీలు కొనకండి, ముందు పాటను సరిగ్గా విడదీయండి.