కొరడా తిరగబడింది

బ్రిటన్‌లో చీఫ్ విప్ పనల్లా సొంత పార్టీ ఎంపీలు గీత దాటకుండా చూడటం. బుజ్జగింపు, బెదిరింపు రెండూ ఉద్యోగధర్మాలే. 2016లో ఆ కుర్చీ ఎక్కిన కన్సర్వేటివ్ నేత గావిన్ విలియమ్సన్ ఇంకో అడుగు ముందుకేశారు. ఆఫీసు బల్ల మీద గాజుపెట్టెలో బతికున్న టరాంటులా సాలీడును పెంచారు. దాని పేరు క్రోనస్. గ్రీకు పురాణాల్లో కన్నబిడ్డలనే మింగిన మహానుభావుడి పేరది! గదిలోకొచ్చిన ఎంపీకి వేరే హెచ్చరిక దేనికి?

పదవులు మాత్రం వెతుక్కుంటూ వచ్చాయి. 2017లో రక్షణ మంత్రి అయ్యారు. 2019 మేలో జాతీయ భద్రతా మండలి గుట్టు బయటికి పొక్కిందంటూ ప్రధాని థెరిసా మే సాగనంపారు. ‘ఆ పాపం నాది కాదు’ అని ఆయన మొత్తుకున్నారు. మూడు నెలలు తిరక్కుండానే కొత్త ప్రధాని బోరిస్ జాన్సన్ పిలిచి విద్యాశాఖ అప్పగించారు. 2021లో అదీ ఊడింది. మరుసటి ఏడు ‘సర్’ బిరుదు దక్కింది.

2022 అక్టోబర్‌లో ప్రధాని రిషి సునాక్ మళ్లీ మంత్రిని చేస్తే, రెండు వారాలకే రాజీనామా. ఎలిజబెత్ రాణి అంత్యక్రియల ఆహ్వానాల విషయంలో అలిగి ఆయన పంపిన దురుసు మెసేజ్‌లు బయటపడ్డాయి. అవి అందుకున్నది ఎవరో కాదు, అప్పటి చీఫ్ విప్ వెండీ మోర్టన్!