మనుషులు మౌనం, మెషీన్లు వాచాలం

తెలుగువాడు రైలెక్కితే రెండో స్టేషన్ వచ్చేలోపు ఎదుటి సీటాయన ఊరూ, జీతమూ, పెద్దమ్మాయి సంబంధం ఎందుకు తప్పిపోయిందీ తెలుసుకుంటాడు. టోక్యోలో యమనోతె లైనెక్కితే ఆ విద్యకి గిరాకీ లేదు. పెట్టెనిండా జనం, ఒక్కరూ నోరు విప్పరు. ఫోను మోగనివ్వకండి, ఫోన్లో మాట్లాడకండి అని స్పీకరు మాత్రం గడగడా చెబుతుంటుంది.

పోనుపోను తెలిసిందేమిటంటే, మాట్లాడే పనిని అక్కడివాళ్ళు యంత్రాలకి అప్పజెప్పేశారు. ఎస్కలేటరు 'పసుపు గీత లోపల నిలబడండి' అంటుంది. లారీ మలుపు దగ్గర 'ఎడమకి తిరుగుతున్నాను, జాగ్రత్త' అని ఆడగొంతుతో హెచ్చరిస్తుంది. మనవైపు ఆ ఉద్యోగం క్లీనరుది. లారీని దబదబా బాది 'రానీ, రానీ' అంటాడు. చూపులేనివాళ్ళ కోసం సిగ్నల్ దగ్గర ఒక దిక్కుకి కోకిల, మరో దిక్కుకి కోడిపిల్ల కూస్తాయి.

బసలో స్నానాల తొట్టి నిండగానే గోడమీది పెట్టె ఓ పాట వాయించి, నీళ్ళు కాగాయని కబురు చెప్పేది. మా అమ్మ తర్వాత నన్ను స్నానానికి పిలిచింది అదొక్కటే. కాకపోతే అమ్మ రెండోసారి పిలిస్తే రాగం మారుతుంది.

రైలు కదిలేముందు మోగే గణగణ గంటలు తీసేసి 1989లో షింజుకు, షిబుయా స్టేషన్లలో రాగాలు పెట్టారు. తకదనోబాబా స్టేషన్లో బొమ్మల కథల్లోని మరబొమ్మ పిల్లాడు ఆస్ట్రో బాయ్ పాట వినిపిస్తుంది. కథలో వాడు పుట్టిన చోటు అదే మరి.

అన్నిటికన్నా ఘనమైనది మరుగుదొడ్డిలో ఉంది. లోపలి చప్పుడు బయటికి వినబడకూడదని ఆడవాళ్ళు ఊరికే ఫ్లష్ నొక్కుతూ నీళ్ళు పారబోస్తున్నారని, 1988లో టోటో కంపెనీ 'ఒటోహిమె' అనే పరికరం తెచ్చింది. నొక్కితే నీళ్ళు పారవు, పారుతున్న చప్పుడు మాత్రం వస్తుంది. సిగ్గుకి నేపథ్య సంగీతం కట్టిన జాతిని ఇంకెక్కడా చూడలేదు.

ఇంత బిడియస్తులూ సోబా నూడుల్స్ గిన్నె ముందు కూర్చోగానే జుర్రుమని హోరెత్తిస్తారు. అక్కడ అది తప్పు కాదు. చారు జుర్రినందుకు చిన్నప్పట్నుంచీ చివాట్లు తిన్న నాకు అంతకన్నా ఏం కావాలి! పక్కాయన జుర్రాడు. నేను జుర్రాను. ఆయన మళ్ళీ అందుకున్నాడు. జపాన్‌లో మనుషులతో నేను జరిపిన సుదీర్ఘ సంభాషణ అదే.