రాయికి జాతకం రాసే మనిషి

ఫ్లోరైట్ అనే ఖనిజపు రాళ్లను సేకరించేవాణ్ణి గుర్తుపట్టడం సులువు. వచ్చిన చుట్టం కుర్చీలో కుదురుకోకముందే ఆయన చేతిలో ఆకుపచ్చ రాయి ఉంటుంది. చుట్టం కిటికీ దగ్గరికి నడవక తప్పదు. దీపం కింద పచ్చగా ఉన్న రాయి పగటి వెలుగులో నీలానికి తిరుగుతుంది. ఆ రంగు తానే వేసినట్టు ఆయన మురిసిపోతాడు. రాయిని మాత్రం చేతికివ్వడు. మోస్ కొలతలో దాని కాఠిన్యం 4. పైగా నాలుగు దిక్కుల్లో నున్నగా చీలే గుణం, కింద పడితే మూలలు ఎగిరిపోతాయి. అయినా ఆయన అసలు ప్రాణం రాతిలో లేదు, దాని కిందున్న చీటీలో ఉంది: 'రోజర్లీ గని, ఫ్రోస్టర్లీ, వియర్‌డేల్, డరమ్ కౌంటీ, ఇంగ్లండ్'. మూల విరిగితే ఒక పూట బాధపడతాడు. చీటీ పోతే అన్నం మానేస్తాడు.

లోకం నవ్వేది ఈ చీటీ పిచ్చికే. నిజానికి ఆయన చేసే పనుల్లో అర్థమున్నది ఇదొక్కటే. ఈ ఖనిజం పుట్టుక చూడండి. ఫ్లోరిన్ మోసుకొచ్చే వేడి ఉప్పునీరు పగుళ్ల వెంట పైకెక్కి సున్నపురాతి పొరను చేరుతుంది. ఆ రాతిని కరిగిస్తూ కాల్షియాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా గట్టిపడతాయి. చుట్టూ ఖాళీ జాగా దొరికిన చోటే నిగనిగలాడే ఘనాలు పెరుగుతాయి. మరి ఆ నీటికి వేడి ఎక్కడిది? వియర్‌డేల్ అడుగున గ్రానైట్ ఉండాలని ఊహించి 1960-61లో రూకోప్ దగ్గర బోరు దింపితే గ్రానైటే తగిలింది. తీరా చూస్తే అది పైనున్న సున్నపురాతికన్నా పాతది! దాంతో కరిగిన గ్రానైట్ నుంచే ఖనిజం వచ్చిందన్న పాత లెక్క చెడింది. చల్లారిన గ్రానైటే తన రేడియోధార్మికత వేడితో నీటిని తిప్పిందన్న వాదం బలపడింది. చీటీలో ఊరి పేరు ఉంటేనే ఈ కథ ఆ రాయికి అతుకుతుంది.

ఎక్కడ పుట్టినా ఫార్ములా ఒకటే కదా, ఊరి పేరెందుకని అడగొచ్చు. ఫార్ములా ఒకటే, రాయి ఒకటి కాదు. కిటికీ దగ్గర కనబడిన ఆ నీలి వెలుగు యూరోపియం అనే మూలకం చలవ; అదీ రవ్వంత. 1852లో శాస్త్రవేత్త స్టోక్స్ ఇలాంటి వెలుగుకు, అంటే ప్రతిదీప్తికి, 'ఫ్లోరెసెన్స్' అని పేరుపెట్టింది ఈ ఖనిజాన్ని బట్టే, కానీ అన్ని ఫ్లోరైట్లూ అలా వెలగవు. నాసిక్ దగ్గర మహోదరిలో, దక్కన్ బసాల్ట్ బొరియల్లో ఇదే ఖనిజం ఘనాలు మానేసి గోళాలుగా పెరిగింది. పోనీ, ప్రయోగశాలే ఊరు చెప్పదా అంటారా? రసాయన పరీక్ష కొంతవరకు చెబుతుంది. ఏ గనిలో ఏ బొరియో ప్రతిసారీ చెప్పలేదు. పైగా ముక్క గీకివ్వమంటే ఆయన మిమ్మల్ని మళ్లీ గడప తొక్కనివ్వడు. ఇదంతా ధర కోసమేనంటే, ఊరు తెలియని రాయికి ధర తగ్గే మాట నిజమే. కానీ అమ్మే ఉద్దేశమే లేనివాడు చీటీ కోసం సగం రేయి వెతకడానికి ధర ఒక్కటే కారణం కాలేదు.

వియర్‌డేల్ సీసపు గని కార్మికులు ఒకప్పుడు రంగురంగుల స్ఫటికాలను అద్దాల పెట్టెల్లో అతికించి పోటీలకు పెట్టేవారు. అలాంటి పెట్టె ముందు అందరూ ఆహా అంటారు. మనవాడు మాత్రం మోకాళ్ల మీద వంగి, ఒక్క స్ఫటికం కిందైనా చీటీ ఉందేమోనని వెతుకుతుంటాడు.